యుద్ధాలు, గుర్రాలు, వెడల్పు తెరలు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

భారీ యుద్ధ చిత్రాల మీద, కౌబాయ్ చిత్రాల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట కలిపి ఒక్క జవాబే ఇచ్చాం.

ప్ర: హైదరాబాదులో సంధ్య లాంటి హాళ్ళ పేరు పక్కన '70 ఎంఎం' అని ఉంటుంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా', 'షోలే' రెండూ 70 ఎంఎం అనే అంటారు. రెండూ ఒకటేనా? (పాఠకుడు, సికింద్రాబాద్)

జ: హాల్లో ఆడిన ప్రింటు వెడల్పు ఒకటే. పుట్టుక మాత్రం వేరు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)ను ఛాయాగ్రాహకుడు ఫ్రెడీ యంగ్ కెమెరాలోనే 65 ఎంఎం నెగటివ్ మీద తీశాడు. హాలుకు పంపే ప్రింటు మీద శబ్దం కోసం అయస్కాంత పట్టీలు వేయాలి కాబట్టి ఇంకో 5 ఎంఎం కలిపారు, అలా 70 అయింది. 'షోలే' (1975)ను 35 ఎంఎం మీద తీసి, ఆ తర్వాత ప్రింటును పెద్దది చేశారు. దీన్ని బ్లోఅప్ అంటారు. బ్లోఅప్ వల్ల తెర మీద వెలుతురు పెరుగుతుంది, ఆరు ట్రాకుల శబ్దం వస్తుంది. అది చిన్న లాభమేమీ కాదు. కానీ నెగటివ్‌లో పడని వివరం ప్రింటు పెంచినంత మాత్రాన పుట్టదు. 65 ఎంఎం ఫ్రేము వైశాల్యం మామూలు 35 ఎంఎం స్కోప్ (బొమ్మను పక్కలకు నొక్కి తీసి, తెర మీద వెడల్పుగా పరిచే పద్ధతి) ఫ్రేముకు దాదాపు మూడు రెట్లు.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, 'లారెన్స్'లో బావి దగ్గరికి నటుడు ఒమర్ షరీఫ్ ఒంటె మీద వచ్చే దృశ్యంలో. ఎండమావిలో నల్లటి చుక్కలా మొదలై, మనిషిగా మారేదాకా కెమెరా కదలదు. ఫ్రెడీ యంగ్ దానికి 482 ఎంఎం లెన్స్ వాడాడు. అంత పొడుగు లెన్స్ దూరాన్ని నొక్కేస్తుంది. నేల మీంచి లేచే వేడిగాలి పొర మొత్తం ఒకే తెరలా పేరుకుని, మనిషి నీళ్ళలో తేలుతున్నట్టు కనిపిస్తాడు. ఇదే షాట్ చిన్న నెగటివ్ మీద తీస్తే మొదటి అర నిమిషం ఆ చుక్క ఫిల్ము రేణువుల్లో కలిసిపోయేది. చుక్క కనబడకపోతే మన ఎదురుచూపే లేదు.

పెద్ద నెగటివ్‌కు ఇబ్బందులూ ఉన్నాయి. అదే దృశ్యకోణానికి ఇంకా పొడుగు లెన్స్ వాడాలి, అందువల్ల ఫోకస్ లోతు తగ్గుతుంది. నటుడు అడుగు ముందుకేసినా మసకబారుతుంది. ఎడారిలో ఎండ ధారాళంగా ఉంటుంది కాబట్టి లెన్స్ ద్వారం చిన్నది చేసి కొంత లోతు తెచ్చుకోవచ్చు. ఇసుకతో వేరే బాధ. ఒంటె ఒకసారి నడిస్తే జాడలు పడతాయి. రెండో టేకు కావాలంటే ఇసుకను ఊడ్చి చదును చేయాలి, లేదా కెమెరాను తొక్కని చోటికి మార్చుకోవాలి.

ప్ర: 'లారెన్స్ ఆఫ్ అరేబియా' ఒకచోట 187 నిమిషాలు, ఇంకోచోట 216, మరోచోట 227 అని ఉంది. ఏది సరైనది? (పాఠకురాలు, గుంటూరు)

జ: 216 నిమిషాలది చూడండి. 1962 డిసెంబరులో విడుదలైనప్పుడు నిడివి 222 నిమిషాలు. కొద్ది వారాల్లోనే సుమారు 20 నిమిషాలు తీసేశారు. 1970 తర్వాతి విడుదలకు ఇంకో 15 నిమిషాలు పోయి 187 మిగిలింది. 1989లో పాత సినిమాలను బాగుచేసే రాబర్ట్ హారిస్ పోయిన ముక్కలను వెతికి అతికించాడు, దర్శకుడు డేవిడ్ లీన్ స్వయంగా కూర్చుని కొన్నిచోట్ల కత్తిరించి 216 దగ్గర ఖాయం చేశాడు. మొదట్లో, విశ్రాంతి దగ్గర, చివర్లో వచ్చే సంగీతం కలిపితే 227. దొరికిన ముక్కల్లో కొన్నిటికి శబ్దం లేదు. నటులు పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్ వాళ్ళ మాటలు పాతికేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పారు. మరో నటుడు జాక్ హాకిన్స్ 1973లోనే పోయాడు కాబట్టి చార్లెస్ గ్రే గొంతు వాడారు.

వియత్నాం యుద్ధ చిత్రం 'అపోకలిప్స్ నౌ'కు ఇలాగే మూడు రూపాలున్నాయి: 1979 నాటిది, 2001లో దాదాపు 50 నిమిషాలు చేర్చిన 'రీడక్స్', 2019 నాటి 183 నిమిషాల 'ఫైనల్ కట్'. మొదటిసారి చూసేవాళ్ళు 1979 నాటిదే చూడాలని మా గట్టి అభిప్రాయం. 'రీడక్స్'లో చేర్చిన ఫ్రెంచి తోట ఘట్టం పడవ ప్రయాణపు బిగువును సడలిస్తుంది.

ప్ర: ఇటలీవాళ్ళ కౌబాయ్ చిత్రాల్లో ముఖం తెరంతా నిండినా వెనక కొండలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఎలా? పెదాలకు మాటలు ఎందుకు కలవవు? (పాఠకుడు, వరంగల్)

జ: మొదటిదానికి కారణం టెక్నిస్కోప్ అనే పొదుపు పద్ధతి. మామూలు 35 ఎంఎం ఫ్రేముకు పక్కన నాలుగు రంధ్రాల ఎత్తు పడుతుంది. టెక్నిస్కోప్‌లో రెండే రంధ్రాలు. ఫ్రేము ఎత్తు సగమైంది కాబట్టి బొమ్మ దానంతటదే వెడల్పుగా వస్తుంది, స్కోప్ లెన్స్ అక్కర్లేదు. లెక్క చూడండి. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో మామూలు పద్ధతిలో నిమిషానికి 90 అడుగుల ఫిల్ము పోతుంది, వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు వస్తుంది. టెక్నిస్కోప్‌లో నిమిషానికి 45 అడుగులే, అదే రీలు 22 నిమిషాలు. నెగటివ్ ఖర్చు సగం.

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ ఈ పొదుపులోంచి ఒక శైలి పుట్టించాడు. అప్పటి స్కోప్ లెన్సులతో మరీ దగ్గరకెళితే ముఖం ఉబ్బినట్టు వచ్చేది. టెక్నిస్కోప్‌లో వాడేవి మామూలు గుండ్రటి లెన్సులు. అదే వెడల్పుకు పొట్టి లెన్స్ సరిపోతుంది కాబట్టి ఫోకస్ లోతు ఎక్కువ. కళ్ళ దాకా వెళ్ళొచ్చు, వెనక కొండనూ వదులుకోనక్కర్లేదు. నష్టమేమిటంటే, చిన్న ఫ్రేమును సాగదీసి ప్రింటు వేస్తారు కాబట్టి రేణువులు లావుగా కనిపిస్తాయి. ఫ్రేముల మధ్య ఖాళీ దాదాపు లేదు కాబట్టి కెమెరా గేటులో (ఫిల్ముకు వెలుగు తగిలే కిటికీలో) ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా తెర మీద తాడులా కనబడుతుంది. టెక్నికలర్‌వారి రంగుల అద్దకం పద్ధతిలో ప్రింట్లు తీసినన్నాళ్ళు ఈ లోపం బాగానే కప్పబడింది. 1970లలో ఆ పద్ధతి పోవడంతో టెక్నిస్కోప్ కూడా వెనకబడింది.

ఇక పెదాలు. అక్కడ షూటింగులో శబ్దం పట్టేవాళ్ళు కాదు. అమెరికా నటుడు ఇంగ్లీషులో, ఇటలీ నటుడు ఇటాలియన్‌లో, స్పెయిన్ నటుడు స్పానిష్‌లో మాట్లాడేవాడు. అంతా తర్వాత డబ్బింగ్ థియేటర్లోనే. మన పరిశ్రమకు ఇది కొత్తేమీ కాదు. కాకపోతే మన దగ్గర కెమెరా ముందు పలికేది చాలావరకు తర్వాత వినిపించే భాషే. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) చూసేటప్పుడు ఇంగ్లీషు ట్రాకే పెట్టుకోండి. క్లింట్ ఈస్ట్‌వుడ్, ఇలై వాలక్, లీ వాన్ క్లీఫ్ ముగ్గురూ పలికింది ఇంగ్లీషే. పక్క పాత్రలకు మాత్రమే పెదాలు తప్పుతాయి.

ఈ చిత్రాలు తీసింది అమెరికాలో అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియా దగ్గర, తబెర్నాస్ ఎడారిలో తీశారు. 'గుడ్ బ్యాడ్ అగ్లీ' చివరి శ్మశానం మాత్రం ఉత్తరాన బుర్గోస్ ప్రాంతంలో ఉంది. 5 వేల దాకా సమాధులను స్పెయిన్ సైనికులు తవ్వి పేర్చారు. మట్టి, గడ్డి కప్పేసిన ఆ వలయాన్ని 2015 నుంచి స్వచ్ఛంద అభిమానులు పారలు పట్టుకుని మళ్ళీ బయటికి తీశారు. వంతెన పేల్చే దృశ్యంలో సంకేతం పొరబడి, కెమెరాలు తిరగకముందే వంతెన ఎగిరిపోయింది. సైనికులే మళ్ళీ కట్టారు. మనం తెర మీద చూసేది రెండో వంతెన.

ప్ర: కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' వీటికి నకలేనా? (పాఠకుడు, తెనాలి)

జ: ప్రేరణ ఉంది. లియోనీ చిత్రాలు, 'మెకన్నాస్ గోల్డ్' (1969) మన హాళ్ళలో విరగబడి ఆడిన వేడిలోనే 1971లో ఇది వచ్చింది. అయితే ఆరుద్ర కథను అమెరికాలో పెట్టలేదు. మన సంస్థానాల కాలంలో, దాచిన నిధి చుట్టూ అల్లారు. టోపీ, తుపాకీ, గుర్రం వాళ్ళవి. కథ నడిచే నేల మనది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి రాజస్థాన్ ఇసుకలకు యూనిట్‌ను తీసుకెళ్ళారు. ఆ రెండు నిర్ణయాల వల్లే ఈ సినిమా నిలిచింది. మూడేళ్ళకే స్వామి తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974)కు కెమెరా పట్టారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలో మరణించాక ఆ సినిమా పోరాట ఘట్టాలు తీసింది దాసే. కౌబాయ్ చిత్రంలో గుర్రాల పరుగు తీసిన చేతులే మన్యం పోరాటాన్ని వెడల్పు తెరకెక్కించాయన్న మాట.

నకలు మాటకొస్తే, లియోనీ తొలి కౌబాయ్ చిత్రం 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964) జపాన్ దర్శకుడు కురొసావా 'యోజింబో' (1961) కథే. అనుమతి తీసుకోలేదు. వ్యాజ్యం నడిచి, వసూళ్ళలో 15 శాతం, జపాన్ పంపిణీ హక్కులు కురొసావా పక్షానికి ఇచ్చి రాజీపడ్డారు.

ప్ర: కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో అంత సైన్యాన్ని ఎలా చూపించారు? చిన్న బడ్జెట్‌లో మేమూ అలా చేయగలమా? (షార్ట్ ఫిల్మ్ బృందం, రాజమహేంద్రవరం)

జ: నిజంగానే సైన్యాన్ని దింపారు. దర్శకుడు సెర్గేయ్ బొందార్చుక్ 'వాటర్లూ' (1970)లో సోవియట్ సైనికులు 15 వేలకు పైగా ఉన్నారు. చిత్రీకరణ ఉక్రెయిన్‌లోని ఉజ్గొరోద్ దగ్గర. బెల్జియం యుద్ధభూమి పోలికలు రావడానికి రెండు గుట్టలు తొలిచేశారు, 5 వేల చెట్లు తెచ్చి నాటారు, రై, బార్లీ పైర్లు వేశారు, అసలు యుద్ధం నాటి బురద కోసం నేల కింద ఆరు మైళ్ళ నీటి గొట్టాలు పరిచారు. అయిదు కెమెరాలు ఒకేసారి తిరిగాయి: నేల మీద, వంద అడుగుల మంచెల మీద, హెలికాప్టర్‌లో, పైన కట్టిన పట్టాల మీద. బ్రిటిష్ పదాతి దళం చదరాలుగా నిలబడి, ఫ్రెంచి అశ్వికులు వాటి చుట్టూ నదిలా పాయలుపాయలుగా విడిపోయే ఆకాశ దృశ్యాన్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్లు కూడా అందుకోలేదని మా నమ్మకం. అక్కడ ఏ గుర్రమూ పక్క గుర్రంలా పరిగెత్తదు.

మీ దగ్గర 40 మంది ఉంటే 400 మందిని చూపించే దారి ఉంది. ట్రైపాడ్ బిగించి కెమెరా అస్సలు కదలకుండా పెట్టండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లోనే ఉండాలి. ముందు మనుషులు లేని ఖాళీ దృశ్యం అర నిమిషం తీయండి. తర్వాత 40 మందినీ ఎడమ మూల నిలబెట్టి ఒక షాట్, జరిపి ఇంకో షాట్, అలా ఫ్రేము నిండేదాకా పది షాట్లు. ఎడిటింగ్‌లో ఒకదాని పక్కన ఒకటి అతికించాలి. ఎక్కువమంది చెడగొట్టుకునేది నీడల దగ్గర. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, మొత్తం పని 20 నిమిషాల్లో ముగించకపోతే ఎడమ గుంపు నీడ ఒకవైపు, కుడి గుంపు నీడ ఇంకోవైపు పడుతుంది. మబ్బులు వచ్చిపోయే రోజు ఈ పని పెట్టుకోవద్దు. గుంపుల మధ్య మూరెడు ఖాళీ వదలండి. చేతులో కర్రలో హద్దు దాటితే అతుకు కనబడుతుంది. తలపాగాలు, కండువాలు ప్రతి షాట్‌కూ మార్చుకోండి, లేకపోతే ఒకే ఎర్ర తలపాగా పది చోట్ల తేలుతుంది. యుద్ధభూమి దుమ్ము కోసం హాలీవుడ్ వాడే ఫుల్లర్స్ ఎర్త్ మన ముల్తానీ మట్టే. ముక్కుకు మాస్కు లేకుండా ఎవరినీ అందులో నిలబెట్టవద్దు.

ప్ర: 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' తొలి యుద్ధ దృశ్యంలో ఆ కుదుపు, ఆ గరుకుదనం ఎలా వచ్చాయి? ఫోన్‌తో సాధ్యమా? (ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం)

జ: సగం రహస్యం షట్టర్‌లో ఉంది. సినిమా కెమెరా షట్టర్ గుండ్రంగా తిరిగే పలక. అందులో మామూలుగా 180 డిగ్రీలు, అంటే సగం, తెరిచి ఉంటుంది, 24 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు వెలుగు చూస్తుంది. ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే కొంచెం అలుక్కున్నట్టు పడుతుంది. ఆ అలుకుడే కదలికకు నునుపునిస్తుంది. ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ ఆ తెరుపును 90కి, కొన్నిచోట్ల 45 డిగ్రీలకు తగ్గించాడు. 45 అంటే సెకనులో 192వ వంతు. అలుకుడు పోయి ప్రతి ఫ్రేమూ విడి ఫోటోలా అయింది. ఎగిరిన ఇసుక, ప్రతి రేణువూ లెక్కపెట్టేలా కనబడుతుంది. లెన్సుల మీది రక్షణ పూత తీసేయించడంతో వెలుతురు లోపల చెదిరి, 1940ల వార్తా చిత్రాల పోలిక వచ్చింది. ప్రింట్లు తీసేటప్పుడు ల్యాబ్‌లో వెండిని కొంత మిగిల్చే పద్ధతి వల్ల రంగులు వెలిసి, నలుపు చిక్కబడింది. ఆ దృశ్యంలో ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరంగా చూపించింది ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరం.

ఫోన్‌లో మాన్యువల్ వీడియో ఇచ్చే యాప్ పెట్టుకోండి. 24 లేదా 25 ఫ్రేములు, షట్టర్ 1/200. మామూలు 1/50తో పోలిస్తే వెలుతురు నాలుగో వంతే అందుతుంది, కాబట్టి మంచి ఎండలోనే తీయాలి. ఇంట్లో లైట్ల కింద తీస్తే మన 50 హెర్ట్‌జ్ కరెంటు వల్ల తెర మీద చారలు పాకుతాయి. ఫోన్ స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే అది కుదుపును దిద్దబోయి బొమ్మను జెల్లీలా ఊపుతుంది. సినిమా మొత్తం ఇలా తీయకండి. పేలుడు, పరుగు ఉన్నచోటే. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే దృశ్యంలో ఇది కళ్ళకు గుచ్చుకుంటుంది.

ప్ర: పాత కౌబాయ్ చిత్రాల్లో రాత్రిపూట కూడా గుర్రాల నీడలు పడతాయి. వెన్నెలా? (పాఠకురాలు, నిజామాబాద్)

జ: మిట్టమధ్యాహ్నపు ఎండ. లోయంతటినీ దీపాలతో వెలిగించడం అసాధ్యం కాబట్టి పగలే తీసి రాత్రిగా చూపేవారు. ఎక్స్‌పోజర్ సుమారు రెండు స్టాపులు (వెలుతురు నాలుగో వంతుకు) తగ్గించడం, ఎండ నటుల వెనక నుంచి పడేలా నిలబెట్టడం, ఆకాశాన్ని వీలైనంత ఫ్రేములోకి రానివ్వకపోవడం దీని సూత్రాలు. నలుపు తెలుపులో ఎర్ర ఫిల్టర్ పెడితే నీలాకాశం నల్లబడేది. రంగుల్లో స్టూడియో దీపాలకు తయారుచేసిన ఫిల్మును సరిదిద్దే ఫిల్టర్ లేకుండా ఎండలో వాడితే అంతా నీలంగా వచ్చేది. తెల్లటి ఆకాశమో, మెరిసే నీళ్ళో ఫ్రేములో పడితే గుట్టు రట్టవుతుంది.

ప్ర: గుర్రాలు అలా పల్టీలు కొడతాయి కదా, వాటికేమీ కాదా? (పాఠకుడు, కడప)

జ: ఒకప్పుడు చచ్చిపోయేవి. ముందుకాళ్ళకు తీగ కట్టి, పరుగు మధ్యలో బిగుసుకునేలా చేసేవారు. 'ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' (1936)లో ఇలా చాలా గుర్రాలు పోయాయి. 'జెస్సీ జేమ్స్' (1939)లో ఒక గుర్రాన్ని కొండ మీంచి నీళ్ళలోకి తోశారు, అది చనిపోయింది. జనాగ్రహం వల్ల 1940 నుంచి అమెరికాలో జంతు సంరక్షణ ప్రతినిధి షూటింగుల మీద నిఘా పెట్టడం మొదలైంది. ఆ తర్వాత పడటం నేర్పిన గుర్రాలు వచ్చాయి. నేలను తవ్వి మెత్తటి ఇసుక నింపుతారు, రౌతు కళ్ళెంతో తలను ఒక పక్కకు తిప్పగానే గుర్రం ఆ పక్కకు ఒరుగుతుంది. మన దేశంలో 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి అనుమతి తప్పనిసరి. షార్ట్ ఫిల్మ్ కదా అని గుర్రాన్ని పరిగెత్తించి పడగొట్టే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

ప్ర: 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' ఎంతవరకు నిజం? (విశ్రాంత ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం)

జ: రైలు మార్గం నిజం, కథ కల్పితం. జపాన్ సైన్యం 1942–43లో థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల పట్టాలు వేయించింది. సినిమా (1957) వంతెనను సిలోన్‌లోని కితుల్‌గల దగ్గర కెలాని నది మీద కలపతో కట్టారు. అసలైన ఉక్కు వంతెన థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో ఉంది. 1945లో బాంబులు పడ్డాయి, బాగుచేశాక ఇప్పటికీ రైళ్ళు వెళ్తున్నాయి. అది క్వాయ్ నది మీద కూడా లేదు, మే క్లాంగ్ మీద ఉంది. సినిమా చూసి వచ్చేవాళ్ళు వెతుక్కుంటున్నారని 1960లో ఆ పాయకే క్వాయ్ యాయ్ అని పేరు మార్చారు. సినిమాలో శత్రువుకు మనస్ఫూర్తిగా వంతెన కట్టిపెట్టే కర్నల్ నికల్సన్ లాంటివాడు అక్కడ లేడు. అక్కడి బ్రిటిష్ అధికారి ఫిలిప్ టూసీ పనిని వీలైనంత సాగదీసి తనవాళ్ళను కాపాడుకున్నాడు. కలపలో చెదలు వదిలించిన సంగతీ నమోదై ఉంది.

సినిమా చూపనిది ఇంకా పెద్దది. 60 వేలకు పైగా యుద్ధఖైదీల్లో 12 వేల మందికి మించి చనిపోయారు. వాళ్ళకన్నా చాలా ఎక్కువ సంఖ్యలో ఆసియా కూలీలను అక్కడికి తరలించారు. ఆ కూలీల్లో చనిపోయినవాళ్ళు సుమారు 90 వేలని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకెళ్ళిన తమిళులు, వాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. ఖైదీలకు సొంత వైద్యులు, అధికారులు, రాసిపెట్టుకున్న పేర్ల పట్టికలు ఉన్నాయి. కూలీలకు అవేవీ లేవు. కలరా వచ్చినప్పుడు వాళ్ళ శిబిరాలు తుడిచిపెట్టుకుపోయాయి. సినిమాగా చూస్తే ఇది గొప్పది, ఏడు ఆస్కార్లకూ తగినదే. కానీ మన తోటల కూలీలు ఆ తెర మీద లేరన్నది తెలిసి చూడాలి.

ప్ర: ఇంట్లో 55 అంగుళాల టీవీ ఉంది. ఈ సినిమాలకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. జూమ్ చేయవచ్చా? (పాఠకుడు, డాలస్)

జ: దయచేసి చేయవద్దు. మీ టీవీ తెర సుమారు 122 సెంటీమీటర్ల వెడల్పు, 68 ఎత్తు. స్కోప్ చిత్రం అందులో 51 సెంటీమీటర్ల ఎత్తే ఆక్రమిస్తుంది, 70 ఎంఎం చిత్రం 55. జూమ్ చేస్తే స్కోప్ బొమ్మలో పక్కల నుంచి నాలుగో వంతు పోతుంది. లియోనీ తుపాకీ పోరులో ఇద్దరూ ఫ్రేము రెండు అంచుల్లో నిలబడతారు, జూమ్‌లో ఇద్దరూ మాయమవుతారు. పట్టీలు ఇబ్బందిగా ఉంటే కుర్చీ ముందుకు జరుపుకోండి, రెండు మీటర్ల దూరం బాగుంటుంది.

మోషన్ స్మూతింగ్ ఆపేయండి. కంపెనీని బట్టి ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటి పేర్లతో ఉంటుంది. అది లేని ఫ్రేములు కల్పించి సినిమాను సీరియల్ షూటింగులా మారుస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి నొక్కితే చాలు. స్ట్రీమింగ్ పెట్టె వాడుతుంటే ఫ్రేము వేగాన్ని సినిమాకు సరిపోల్చే ఎంపికను ఆన్ చేయండి, లేకపోతే 24 ఫ్రేముల చిత్రం 60 హెర్ట్‌జ్‌లో గుర్రాల వరుస పక్కకు సాగినప్పుడల్లా తడబడుతుంది. శబ్దంలో నైట్ మోడ్ తీసేయండి, అది గుసగుసను, ఫిరంగిని ఒకే ఎత్తుకు తెస్తుంది. 'లారెన్స్' మొదలవగానే నాలుగు నిమిషాలకు పైగా తెర నల్లగా ఉండి సంగీతం ఒక్కటే వస్తుంది. డిస్కు పాడైందని ముందుకు జరపకండి. ఆ వ్యవధిలో గదిలో దీపాలు ఆర్పి, శబ్దం స్థాయి సరిచూసుకోండి.